పంచ్ ఒకరిది, నవ్వు ఇద్దరిది: టీవీ కామెడీ నటుడు కావాలనుకునేవాళ్లకు

2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’ సీరియల్‌లో అమృతరావు పాత్రను ముగ్గురు వేశారు: శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. ఆంజనేయులుగా మాత్రం మొదటి నుంచి చివరిదాకా గుండు హనుమంతరావే ఉన్నారు. ఐడియా వేసే అమృతరావు పాత్రలో నటుడు మారినా సీరియల్ ఆగలేదు. ఆ ఐడియా విని నోరెళ్లబెట్టి, వద్దు వద్దంటూనే వెంట నడిచే పక్కమనిషి మాత్రం అలాగే ఉన్నాడు. టీవీ కామెడీలోకి వచ్చేవాళ్లు ముందుగా దీన్ని గమనించాలి.

2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో ‘జబర్దస్త్’ మొదలయ్యాక తెలుగు టీవీ కామెడీ అంటే స్కిట్ అన్నంతగా పరిస్థితి మారింది. ఒక టీమ్ లీడర్, నలుగురైదుగురు ఆర్టిస్టులు, పది నిమిషాల కథ, ఎదురుగా జడ్జిలు. ఊళ్లల్లో కుర్రాళ్లు దీన్ని చూసి ‘నేనూ పంచ్‌లు వేయగలను’ అనుకుని హైదరాబాద్ బస్సెక్కుతుంటారు. పంచ్ వేయగలవాళ్లకు కొదవ లేదు. టీమ్ లీడర్లే పంచ్‌లు వేస్తారు, రాస్తారు కూడా. వాళ్లకు కావాల్సింది పంచ్‌ని సరైన చోట అందించి, అది పేలాక ముఖంతో నిలబెట్టగలిగే మనిషి. రెండో ఎపిసోడ్‌కి పిలుపు అతనికే వస్తుంది. కింద రాసినదంతా ఆ మనిషి కావడం గురించే.

ముందు స్టేజీ, తర్వాతే కెమెరా

నేరుగా ఆడిషన్‌కి వెళ్లడం కన్నా ముందు కనీసం ఒక ఏడాది జనం ఎదుట ఆడటం మంచిది. పరిషత్తు నాటకాల్లో చిన్న వేషమైనా సరే, కాలేజీ ఫెస్టులో మిమిక్రీ అయినా సరే, పెళ్లి సంగీత్‌లో యాంకరింగ్ అయినా సరే. జనం నవ్వనప్పుడు ఏం చేయాలో స్టేజీ ఒక్కటే నేర్పుతుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో లక్షల వ్యూస్ ఉన్నవాళ్లు కూడా సెట్‌లో మొదటి స్కిట్‌కి తడబడేది ఇక్కడే. ఫోన్ ముందు చేసినప్పుడు నవ్వు కోసం ఆగాల్సిన పని ఉండదు. నవ్వుకి ఎంతసేపు చోటివ్వాలో వాళ్లకి అలవాటు కాలేదు.

పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్ర యూనివర్సిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల విభాగాలున్నాయి. చదివి తీరాలని ఏమీ లేదు. కానీ శరీరాన్ని, గొంతును వాడటం అక్కడ నేర్చుకున్నవాళ్లు సెట్‌లో తక్కువ అలసిపోతారు.

మిమిక్రీ వచ్చినవాళ్లకు ఒక జాగ్రత్త. మిమిక్రీ తలుపు తీస్తుంది గానీ లోపల కూర్చోబెట్టదు. హీరోల గొంతులు పది వచ్చినా స్కిట్‌లో ఒక్కోసారి ఒక్కటి కూడా పనికిరాదు, ఎందుకంటే పాత్రకి ఒక గొంతు ఉండాలి. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్‌ని తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకునేది ఆయన గొంతులు మార్చినందుకు మాత్రమే కాదు, మనిషి మొత్తాన్ని ఎదుట నిలబెట్టినందుకు. నడక, చూపు, ఊపిరి తీసే తీరు పట్టుకుని చేసే మిమిక్రీ నటనలోకి దారితీస్తుంది. గొంతు ఒక్కటే పట్టుకుంటే అక్కడే ఆగిపోతుంది.

ఆడిషన్ వీడియో

రెండు నిమిషాలు దాటొద్దు. ఫోన్ అడ్డంగా పెట్టి, తెల్ల గోడ ముందు, పగటి వెలుగు ముఖం మీద పడేలా తీయాలి. ఫ్యాన్ ఆపి, కాలర్ మైక్ పెట్టుకోవాలి. మొదటి ఐదు సెకన్లలో పేరు, ఊరు, ఎత్తు, ఏ యాస బాగా వచ్చు అన్నవి చెప్పేయాలి. తర్వాత మూడు ముక్కలు చాలు: మీ సొంత యాసలో నలభై సెకన్ల డైలాగు, వయసు మీరిన పాత్రో, ఆడవేషమో ఒకటి, మూడోది అసలు మాట లేకుండా, ఎవరో ఫోన్‌లో చెబుతున్నది వింటూ ముఖంలో మార్పులు. చాలామంది ఈ మూడోది పెట్టరు. చూసేవాళ్లకు కావాల్సింది అదే.

ఫిల్టర్లు, బీజీఎమ్, నవ్వుల సౌండ్ పెట్టొద్దు. నవ్వుల సౌండ్ పెట్టిన వీడియోలో టైమింగ్ కనిపించదు.

ఛాన్స్ ఇప్పిస్తామని ఎవరు డబ్బు అడిగినా అక్కడితో మాట ఆపేయండి. రిజిస్ట్రేషన్ ఫీజని, ఫోటోషూట్ ప్యాకేజీ అని, ఆర్టిస్టుల సంఘం కార్డు ఇప్పిస్తామని రకరకాలుగా అడుగుతారు. అసలు ప్రొడక్షన్ ఆర్టిస్టుకి డబ్బు ఇస్తుంది, ఆర్టిస్టు దగ్గర తీసుకోదు. ఆడపిల్లలు ఆడిషన్‌కి వెళ్లేటప్పుడు అది ఆఫీసులోనో, స్టూడియోలోనో, పగలే ఉండాలని ముందే చెప్పాలి. పక్కన ఒకరిని తీసుకెళ్లాలి. ఇలా అడిగితే ఛాన్స్ పోతుందని భయపెట్టేవాళ్ల దగ్గర పోయేది ఛాన్సే కాదు.

యాస పట్టడం

శ్రీకాకుళం, నెల్లూరు, రాయలసీమ, తెలంగాణ, గోదావరి: అన్నీ వచ్చని చెప్పుకునేవాళ్లకు సాధారణంగా ఏదీ పూర్తిగా రాదు. రెండు మాటలు, ఒక దీర్ఘం తీసుకుని మిగతాదంతా సినిమా తెలుగులో లాగించేస్తారు. ఆ ఊరివాళ్లు వింటే మనసు చివుక్కుమంటుంది.

యాస ఉండేది పదాల్లో కన్నా క్రియల చివర్లలో. అందుకే ఒక యాస ఎంచుకుని, వెళ్లు, రా, తిను, చెప్పు, ఉండు లాంటి ముప్పై క్రియలు తీసుకుని, జరిగింది, జరుగుతోంది, జరగబోతోంది అనే మూడు తీరుల్లో ఆ ఊరి మనిషి ఎలా అంటాడో రాసుకోవాలి. ‘వస్తున్నా’ అన్నది ఉత్తరాంధ్రలో ‘వత్తన్నాను’, తెలంగాణలో ‘వస్తున్న’. తొంభై రూపాలు నోటికి వస్తే ఏ డైలాగు ఇచ్చినా అప్పటికప్పుడు మార్చుకోగలరు. తర్వాత రాగం. ప్రశ్న వేసేటప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది, కోపంలో వేగం పెరుగుతుందా తగ్గుతుందా అన్నవి ఆ ఊరి పెద్దవాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. ఆడవాళ్ల మాటను ప్రత్యేకంగా వినండి. ఆడవేషానికి మగవాళ్ల యాసను సన్న గొంతులో పలికితే సరిపోదు.

స్కిట్ ఎలా కడతారు

రైటర్ ఉన్నా లేకపోయినా ఆర్టిస్టుకి రాత తెలియాలి. సెట్‌లో అప్పటికప్పుడు ఒక లైను మార్చమంటారు.

టీవీలో వచ్చే స్కిట్ సుమారు ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు. దానికి ఎనిమిది, తొమ్మిది వందల మాటల డైలాగు చాలు. పదిహేను వందలు రాసుకుంటే నవ్వుకి చోటుండదు, ఎడిటింగ్‌లో మీ లైన్లే ముందు పోతాయి. ఒక చోటు, ఒక కారణం, ఒక గొడవ: పెళ్లిచూపులు, బ్యాంకు, ఆస్పత్రి, అద్దె ఇల్లు లాంటివి. మొదటి నలభై సెకన్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరికి ఏం కావాలో తెలిసిపోవాలి. అది తేలేలోపు వేసిన పంచ్‌లు సగం వృథా. ఎవరి మీద వేశారో జనానికి ఇంకా తెలియదు గదా. ఆ తర్వాత పదిహేను ఇరవై సెకన్లకో నవ్వు పడేలా చూసుకుంటారు.

ఒక చిన్న ముక్క దగ్గరగా చూద్దాం. పెళ్లిచూపులు. అబ్బాయి తండ్రి గొప్పగా చెబుతుంటే అమ్మాయి తండ్రి మురిసిపోయి అబ్బాయిని అడుగుతున్నాడు.

‘మావాడు డ్యూటీలో ఉన్నంతసేపూ ఏసీలోనే ఉంటాడండీ.’
‘అబ్బో! ఏం ఉద్యోగం బాబూ?’
‘ఏటీఎంలో వాచ్‌మన్ ఉద్యోగం చేస్తున్నాను అంకుల్.’

రాసినప్పుడు బాగానే ఉంది, ఆడితే తేలిపోతుంది. ‘ఏటీఎం’ అనగానే జనానికి విషయం తెలిసిపోయింది. నవ్వు అక్కడ మొదలవుతుంటే ఇంకా నాలుగు మాటలు దాని మీద పడుతున్నాయి. మార్చి చూడండి:

‘వాచ్‌మన్ అంకుల్... ఏటీఎంలో.’

ఇప్పుడు ‘వాచ్‌మన్’ అనగానే అమ్మాయి తండ్రి ముఖంలో అయోమయం. వాచ్‌మన్‌కి ఏసీ ఏంటి? ఆ అర సెకను తర్వాత ‘ఏటీఎంలో’ వచ్చి ముడి విప్పుతుంది. విప్పే మాట చివర పడాలి. దాని తర్వాత ‘అంకుల్’, ‘అండీ’, ‘తెలుసా’ ఏదీ ఉండకూడదు. తెలుగులో మాటలు అటూ ఇటూ జరుపుకునే వీలు చాలా ఉంది. రాసుకున్న ప్రతి పంచ్‌కీ నవ్వు తెప్పించే మాట కింద గీత గీసి, దాని తర్వాత ఏం మిగిలిందో చూసి కొట్టేయండి.

అక్కడితో ఆగకూడదు. అబ్బాయి చెప్పాక అమ్మాయి తండ్రి తన భార్య వైపు తిరుగుతాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి తాపీగా అంటుంది: ‘పోనీలెండి, డబ్బు దగ్గరే ఉంటాడు.’ ఇది కౌంటర్. పంచ్ కన్నా కౌంటర్‌కే పెద్ద నవ్వు పడటం తరచూ జరుగుతుంది, ఎందుకంటే అది పాత్ర స్వభావం నుంచి వచ్చింది. ఆ తల్లి ఎలాంటి మనిషో ఒక్క ముక్కలో తెలిసిపోయింది. స్కిట్ చివరి నిమిషంలో ఆ తల్లి చేతే ఇంకోసారి ఇలాంటి లెక్క వేయిస్తే, మొదటి నవ్వు గుర్తుకొచ్చి రెండో నవ్వు ఇంకా గట్టిగా వస్తుంది.

ప్రాసల మీద ఆధారపడే రాత గురించి సూటిగా చెప్పాలి. ‘నీకు ఆస్తి ఉందా, నాతో దోస్తీ ఉందా’ లాంటి లైన్లు వరసగా పేర్చుకుంటే నాలుగు ఎపిసోడ్లు నడుస్తుంది. ఐదోదానికి జనం ప్రాసను ముందే ఊహించేస్తారు. ప్రాస తీసేసినా నవ్వొచ్చే లైనుకే ప్రాస అలంకారం.

అందించేవాడి పని

పైముక్కలో నవ్వు ఎవరి వల్ల వచ్చింది? అబ్బాయి వల్ల అనిపిస్తుంది. కానీ ఆ ‘అబ్బో!’ని అమ్మాయి తండ్రి నిజంగా మురిసిపోయి అనాలి. భార్య వైపు తిరిగి ‘చూశావా’ అన్నట్టు కళ్లెగరేయాలి. అతను ఎంత ఎత్తుకి వెళితే ‘ఏటీఎంలో’ దగ్గర అంత కింద పడతాడు. తర్వాత రాబోయే పంచ్ తనకి తెలుసన్నట్టు పెదవి చివర నవ్వు దాచుకుని ‘అబ్బో’ అంటే అంతా పోయినట్టే. కొత్తవాళ్లలో కనిపించే పెద్ద లోపం ఇదే. రిహార్సల్‌లో ఇరవైసార్లు విన్న లైనుని మొదటిసారి విన్నట్టు వినడం నేర్చుకోవాలి.

దీనికి ఒక పద్ధతి ఉంది. ఎదుటివాడి లైను వినేటప్పుడు మీ తర్వాతి డైలాగు గురించి ఆలోచించకండి. అతని నోటినుంచి వచ్చే ఒక మాటను పట్టుకోండి. పైదాంట్లో తండ్రికి ఆ మాట ‘వాచ్‌మన్’. అది చెవిన పడగానే కనుబొమలు ముడిపడాలి, ‘ఏటీఎంలో’ అనగానే ముడి విడిపోయి ముఖం జారిపోవాలి. ఇంతకన్నా ఏమీ చేయనక్కర్లేదు. చేతులు ఊపడం, వెనక్కి తూలడం, నెత్తి కొట్టుకోవడం అన్నీ కలిపి చేస్తే కెమెరా దేన్నీ పట్టుకోలేదు.

అందించే లైనుని స్పష్టంగా, కొంచెం నెమ్మదిగా, చివరి అక్షరం మింగకుండా చెప్పాలి. ‘ఏం ఉద్యోగం బాబూ’లో ‘బాబూ’ వినపడకపోయినా నష్టం లేదు, ‘ఉద్యోగం’ వినపడకపోతే పంచ్‌కి పునాది లేదు. అందించాక కదలొద్దు. పంచ్ పడే క్షణంలో పక్కవాడు అడుగు వేసినా, చీర సర్దుకున్నా జనం కళ్లు అటు పోతాయి.

నవ్వు పడ్డాక ఎప్పుడు మాట్లాడాలి? నవ్వు లేస్తున్నప్పుడు మాట్లాడొద్దు. అది పైకి వెళ్లి తగ్గడం మొదలవగానే, పూర్తిగా ఆగకముందే తర్వాతి మాట అందుకోవాలి. ముందే అందుకుంటే నవ్వు కత్తిరించినట్టు ఆగిపోతుంది, జనం మళ్లీ నవ్వడానికి వెనకాడతారు. బాగా ఆలస్యం చేస్తే చల్లబడుతుంది. నవ్వు అసలు పడకపోతే పడినట్టు ఆగకూడదు. అదే వేగంతో ముందుకెళ్లిపోవాలి. ఎడిటింగ్‌లో అది సాఫీగా తెగిపోతుంది.

పక్కవాడి పంచ్‌కి నిజంగా నవ్వొచ్చేస్తే? లోపలి చెంపను మెల్లగా కొరకడం, కాలి బొటనవేలు నేలకేసి నొక్కడం పనిచేస్తాయి. కెమెరాకి వీపు తిప్పి నవ్వడం వద్దు, భుజాలు ఊగుతాయి. ఎప్పుడో ఒకసారి నవ్వేస్తే జనం ముచ్చటపడతారు. ప్రతి స్కిట్‌లో నవ్వే ఆర్టిస్టు దగ్గర ఎడిటర్‌కి వాడుకోవడానికి రియాక్షన్ షాట్ ఉండదు. రియాక్షన్ షాట్లు లేని ఆర్టిస్టు తెరమీద కనిపించేది తక్కువ.

రిహార్సల్, షూటింగ్ రోజు

ఒకే షెడ్యూల్‌లో రెండు మూడు ఎపిసోడ్లు తీయడం మామూలు. అంటే రెండు మూడు స్కిట్ల డైలాగు ఒకేసారి నోటికి రావాలి. బట్టీ పట్టేటప్పుడు మీ లైన్లు మాత్రమే చదివితే చిక్కు. ఎదుటివాడు ఒక్క మాట మారిస్తే మీకు దారి దొరకదు. ఎదుటివాడి లైన్లు ఫోన్‌లో రికార్డు చేసుకుని, మీ లైన్ల దగ్గర ఖాళీ వదిలి, నడుస్తూ చెప్పుకోవాలి. షూటింగ్ ముందు రోజు కనీసం మూడుసార్లు ప్రాపర్టీతో (స్కిట్‌లో చేతపట్టే వస్తువులతో) సహా నిలబడి చేయాలి. చేతిలో ప్లేటు, గొడుగు, ఫోను ఉన్నప్పుడు టైమింగ్ మారిపోతుంది.

సెట్‌లో నాలుగైదు కెమెరాలుంటాయి. పక్కవాడికి ఎదురుగా పూర్తిగా తిరగకుండా, కాస్త ఏటవాలుగా, ఛాతీ జనం వైపు ఉండేలా నిలబడాలి. వెనక నిలబడినప్పుడు ముందున్నవాళ్ల భుజం మీంచి కెమెరా లెన్సు మీకు కనిపిస్తోందా చూసుకోండి. మీకు లెన్సు కనిపించకపోతే లెన్సుకి మీరూ కనిపించరు.

కాలర్ మైక్ గడ్డానికి జానెడు కింద, ఛాతీ మధ్యలో ఉండాలి. పట్టుచీర, నైలాన్ చొక్కా, మెడలో గొలుసులు, తాళిబొట్టు మైక్‌కి తగిలి గరగర వస్తుంది. గొలుసుని లోపలికి టేపుతో అంటించమని కాస్ట్యూమర్‌ని అడగాలి. ట్రాన్స్‌మిటర్ నడుము వెనక కట్టించుకుంటే వెల్లకిలా పడినప్పుడు వెన్నుకి గుచ్చుకుంటుంది. పడే సీను ఉంటే పక్కకి, తుంటి మీదకి జరిపించుకోండి. గుండెలు బాదుకునే పాత్రయితే మైక్ పక్కన బాదాలి, మైక్ మీద కాదు.

ఆడవేషం

మగవాళ్లు వేసే లేడీ గెటప్ మీద చాలామంది జీవితాలు నిలబడ్డాయి, ఎగతాళి కూడా పడ్డారు. దాన్ని శ్రద్ధగా చేస్తేనే గౌరవం.

షేవింగ్ వేషానికి గంట ముందు, వెంట్రుక వాలు వైపు ఒకసారి, ఎదురుగా ఒకసారి. వెంటనే మేకప్ వేస్తే మంట, పొక్కులు. గడ్డం నీలినీడ మీద నేరుగా ఫౌండేషన్ వేస్తే లైట్లలో బూడిదరంగు తేలుతుంది. ముందు నారింజ రంగు కరెక్టర్ పలచగా అద్ది, ఆపైన చర్మం రంగు వేస్తే నీడ కనబడదు. చీర కుచ్చిళ్లు ముందే కుట్టించి పెట్టుకుంటే మార్చుకోవడం రెండు నిమిషాల పని. భుజం దగ్గర, నడుము దగ్గర, కుచ్చిళ్ల దగ్గర పిన్నులు తప్పనిసరి. లోపల పొట్టి నిక్కరు వేసుకోవాలి. విగ్గుకి లోపల క్యాప్, కణతల దగ్గర, మెడ వెనక పిన్నులు. పెట్టుకున్నాక తల నాలుగుసార్లు గట్టిగా ఊపి చూడండి. కదిలితే సెట్‌లో ఊడుతుంది.

మీసం అంటించే పాత్రకి స్పిరిట్ గమ్ పలచగా రాసి, అర నిమిషం ఆగి, జిగురు వేలికి తీగలా సాగుతున్నప్పుడు అద్దాలి. తడిగా ఉన్నప్పుడే అద్దితే జారుతుంది. పెదవి పైన చెమట పడితే అంచులు లేస్తాయి కాబట్టి ముందు అక్కడ తుడిచి పౌడర్ లేకుండా ఆరబెట్టాలి. తీసేటప్పుడు రిమూవర్ గానీ కొబ్బరినూనె గానీ పట్టించి నిమిషం ఆగాలి. పొడిగా లాగితే చర్మం లేస్తుంది, మర్నాడు ఇంకో మీసం పెట్టలేరు. కొత్త జిగురైతే ముందు రోజే మోచేతి లోపల రాసి చూసుకోండి.

వేషం కన్నా ముఖ్యం నడవడి. తుంటి ఊపుతూ, కళ్లార్పుతూ చేసే ఆడవేషం ఏ ఇంట్లోనూ లేని ఆడమనిషి. మార్కెట్‌లో బేరమాడే అక్క, రేషన్ షాపు లైన్లో నిలబడ్డ అత్త ఎలా నిలబడతారో చూడండి. బరువు ఒక కాలి మీద, చేతిలో సంచి, కళ్లు తూకం మీద. ఇది పట్టుకుంటే ఇంట్లో ఆడవాళ్లే ముందు నవ్వుతారు.

దెబ్బలు, పడటం, గొంతు

చెంపదెబ్బ నిజంగా కొట్టకూడదు. కొట్టేవాడి చేయి ముఖానికి బెత్తెడు దూరంలో, కెమెరాకి అవతలి వైపు నుంచి పోవాలి. చప్పుడు దెబ్బ తినేవాడు ఛాతీ కిందుగా రెండు చేతులు చరచి ఇస్తాడు. తల తిప్పడం చేయి దాటిన తర్వాత, ముందు కాదు. ‘నిజంగా కొట్టేయ్ అన్నా, బాగా వస్తుంది’ అనే కుర్రాడిని పెద్ద ఆర్టిస్టులు ఆపాలి. చెవి మీద పడిన దెబ్బకి కర్ణభేరి చిల్లుపడొచ్చు.

పడేటప్పుడు ముందు మోకాళ్లు వంచి ఎత్తు తగ్గించుకోవాలి, తర్వాత పిర్ర పక్కభాగం, ఆపైన వీపు పక్క నేలకి తగలాలి. గడ్డం ఛాతీకి ఆనించి ఉంచితే తల వెనకభాగం నేలకి కొట్టుకోదు. చేయి చాచి ఆపుకోవద్దు, మణికట్టు విరిగేది అలాగే. ప్యాంటు లోపల మోకాళ్లకి ప్యాడ్లు వేసుకోవడం నామోషీ కాదు.

గొంతు ఈ వృత్తిలో తొందరగా అరిగేది. రెండు మూడు స్కిట్లు ఒకే రోజు అరిచి చేస్తే స్వరతంత్రుల మీద కాయలు కాసే ప్రమాదం ఉంది. షూటింగ్‌కి ముందు పది నిమిషాలు నోరు మూసి సన్నగా ‘మ్...’ అంటూ కింది స్థాయి నుంచి పైకి తీయాలి. అరుపు గొంతులోంచి కాకుండా పొట్ట బిగించి రావాలి. విరామంలో గుసగుసలాడటం కూడా గొంతుకి శ్రమే, పూర్తిగా మౌనంగా ఉండటం మేలు. చల్లటి నీళ్లు కాకుండా మామూలు నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. గొంతు బొంగురు రెండు వారాలు దాటితే లవంగాలు నమలడం ఆపి ఈఎన్టీ డాక్టర్‌కి చూపించాలి.

అనకూడనివి

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలు 1994లో వచ్చాయి. అందులోని ఆరో నిబంధన ప్రోగ్రామ్ కోడ్. మతాల మీద, వర్గాల మీద దాడి, స్త్రీలను కించపరచడం, ఒక వ్యక్తిని పేరుపెట్టి దూషించడం, ఫలానా ప్రాంతం, భాష వాళ్లని చులకన చేసి చూపడం దాని ప్రకారం కుదరదు. యాస మీద బతికే కామెడీకి ఆ చివరి ముక్క నేరుగా వర్తిస్తుంది. శ్రీకాకుళం యాస మాట్లాడే తెలివైన పాత్రకీ, ఆ యాస ఉంది కాబట్టే తెలివితక్కువవాడైన పాత్రకీ చాలా తేడా ఉంది.

కులం పేరు, కులవృత్తి మీద జోకులు, హిజ్రాల మీద వెకిలితనం, అనాథలు, వికలాంగుల మీద పంచ్‌లు రైటర్ రాసిచ్చినా మార్చమని అడగాలి. తెరమీద ఆ మాట అన్నది మీరే. ఫిర్యాదు వస్తే జనం వెతుక్కునేది మీ ముఖాన్నే. లావు, పొట్టి, నలుపు మీద వేసే పంచ్‌లు కూడా అంతే. పక్క ఆర్టిస్టు డబ్బు కోసం నవ్వుతూ భరిస్తున్నాడని మీకు తెలుస్తూనే ఉంటుంది. రిహార్సల్‌లోనే అతన్ని విడిగా అడగండి, ఇష్టం లేదంటే లైను మార్చండి.

డబ్బు సంగతి

కొత్త ఆర్టిస్టుకి పేమెంట్ ఎపిసోడ్ లెక్కన ఉంటుంది. షూటింగ్ రోజే చేతికి వస్తుందనుకోవద్దు, టెలికాస్ట్ అయ్యాక రావడం కూడా ఉంది. ఎపిసోడ్ పేరు, షూటింగ్ తేదీ, ఒప్పుకున్న మొత్తం, వచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాసుకోండి. మాట్లాడుకున్న మొత్తాన్ని అదే రోజు ప్రొడక్షన్ మేనేజర్‌కి వాట్సాప్‌లో ‘అన్నా, ఇలా అనుకున్నాం కదా’ అని మర్యాదగా పెట్టండి. తర్వాత మాట తేడా రాకుండా ఉంటుంది. బ్యాంకులో పడే డబ్బులో సాధారణంగా 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తారు. అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకుని, రిటర్ను వేస్తే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి చాలావరకు వెనక్కి వస్తుంది. రిటర్ను వేయక ఆ డబ్బు వదులుకునే ఆర్టిస్టులు ఎంతోమంది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా అవసరం.

యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఇందిరానగర్ వైపు గది పంచుకుని ఉండేవాళ్లకి మొదటి ఏడాది టీవీ పేమెంట్ ఒక్కదానితో ఇల్లు గడవదు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకుని రావాలి, లేదా షూటింగ్ రోజులకి సెలవు దొరికే పని ఏదైనా పెట్టుకోవాలి. డబ్బింగ్, రాత, యాంకరింగ్ ఈ వృత్తికి దగ్గరి పనులు. ఆటో నడిపినా, డెలివరీ చేసినా తక్కువేమీ కాదు.

ముఖం తెలిశాక సంపాదన పెరిగేది ఈవెంట్లతో: కాలేజీ ఫెస్టులు, షాపు ఓపెనింగులు, జాతర్లు, గణేశ్ నవరాత్రులు. సగం అడ్వాన్స్ తేదీ ఖాయం చేసేటప్పుడే, మిగతాది స్టేజీ ఎక్కకముందే తీసుకోవడం ఆనవాయితీగా పెట్టుకోండి. ప్రయాణం, బస, ఎంతమంది వస్తారు, ఎంతసేపు అన్నవి రాతలో ఉండాలి. టీవీలో చేసిన స్కిట్‌నే ఈవెంట్‌లో చేయాలంటే ఆ స్క్రిప్ట్ హక్కు ఎవరిదో అగ్రిమెంట్‌లో చూసుకోవాలి. అందుకే పది నిమిషాల సొంత ఐటెం ఒకటి ఎవరి అనుమతీ అక్కర్లేకుండా సిద్ధంగా ఉండాలి.

అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలకు పిలుపు వస్తే వీసా విషయం ముందే తేల్చుకోండి. టూరిస్టు వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని ప్రదర్శన ఇవ్వడం కుదరదు. సంస్కృతికి సంబంధించిన ప్రదర్శనలకి పీ-3 అనే వీసా ఉంది, దానికి అక్కడి నిర్వాహకులు పిటిషన్ వేయాలి. ‘విజిట్ వీసా మీద వచ్చేయండి, మేం చూసుకుంటాం’ అన్న మాట నమ్మి ఎయిర్‌పోర్టులో పట్టుబడితే తర్వాత వీసా దొరకడమే కష్టమవుతుంది.

సినిమాలోకి వెళ్లేటప్పుడు

స్కిట్లు చేసిన వేణు ఎల్దండి 2023లో ‘బలగం’ సినిమాకి దర్శకత్వం వహించారు. సిరిసిల్ల ప్రాంతపు మనుషుల్ని, వాళ్ల మాటని గమనించిన చూపు అందులో ఉంది. స్కిట్ నుంచి సినిమాకి దారి ఉందనడానికి అది చాలు. కానీ స్కిట్ నటన యథాతథంగా సినిమాలో పనిచేయదు. స్కిట్‌లో గొంతు, కదలిక జనం వెనక వరసదాకా చేరాలి. సినిమా క్లోజప్‌లో కనుబొమ లేస్తే ఎక్కువైపోతుంది. సెట్‌లో నవ్వేవాళ్లు కూడా ఉండరు, సౌండ్ రికార్డింగ్ వల్ల అందరూ నోరు మూసుకుని ఉంటారు. నవ్వు వినపడక కంగారుపడి ఇంకా ఎక్కువ చేస్తారు కొత్తవాళ్లు. సినిమా వేషం ఒప్పుకున్నాక డైలాగుని మామూలు మాటల వేగంలో, ఫోన్ కెమెరాని ముఖానికి రెండడుగుల దూరంలో పెట్టి చెప్పుకుని చూడండి. స్కిట్‌లో చేసినదాంట్లో మూడోవంతు సరిపోతుందని తెలుస్తుంది.

షో వదిలేటప్పుడు అగ్రిమెంట్‌లో మూడు చోట్లు చదవాలి: వేరే చానెల్‌లో ఎంతకాలం చేయకూడదని ఉంది, తీసి టెలికాస్ట్ కాని ఎపిసోడ్ల పేమెంట్ ఎప్పుడు, ఆ షోలో మీకు వచ్చిన పాత్ర పేరుని బయట వాడుకోవచ్చా. సంతకం పెట్టే రోజునే ఈ మూడూ అడిగి, కాపీ ఒకటి ఇంటికి తెచ్చుకోండి. వదిలే సంగతి టీమ్ లీడర్‌కి షెడ్యూల్ మధ్యలో కాకుండా, చేతిలో ఉన్న స్కిట్లు పూర్తి చేసి, తర్వాతి రాత మొదలుకాకముందే చెప్పాలి. మీ స్థానంలో వచ్చేవాడికి మీ పాత్ర నడక, యాస, అందించే లైన్లు ఒక పూట కూర్చోబెట్టి చూపించి వెళ్లండి.